ఆ చర్మాన్ని వెనక్కి లాగకండి

(చిన్నపిల్లల తల్లిదండ్రుల సమావేశంలో పిల్లల వైద్యురాలు ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు వచ్చి కూర్చోండి, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తండ్రులు కూడా ఇంతమంది వచ్చారు, నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ విషయం తల్లులకు మాత్రమే చెబితే సరిపోదు.

ఈ రోజు సుంతీ చేయని మగపిల్లల గురించి, వాళ్ళ పురుషాంగం కొనను కప్పి ఉంచే ముందు చర్మం గురించి మాట్లాడుకుందాం. పేరు పెట్టే చెబుతున్నాను. ఎందుకంటే పేరు పెట్టి చెప్పుకోకపోవడం వల్లే సగం ఇబ్బందులు వస్తున్నాయి. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు దగ్గు గురించి అడుగుతారు, విరేచనాల గురించి అడుగుతారు, పళ్ళు ఎప్పుడు వస్తాయని అడుగుతారు. అన్నీ అయిపోయి, చీటీ చేతిలో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళి, అప్పుడు వెనక్కి తిరిగి, గొంతు బాగా తగ్గించి అడుగుతారు. "డాక్టరు గారూ, వీడికి అక్కడ చర్మం వెనక్కి రావడం లేదు. ఏమైనా ఇబ్బందా?"

అడిగినవాళ్ళు మేలు. అడగనివాళ్ళు ఏం చేస్తారు? ఎవరో చెప్పారని రోజూ స్నానం చేయించేటప్పుడు కొంచెం కొంచెం వెనక్కి లాగుతారు. పిల్లవాడు ఏడుస్తాడు. ఏడ్చినా శుభ్రం చేయాలి కదా అని మళ్ళీ లాగుతారు. ప్రేమతోనే చేస్తారు, అందులో సందేహం లేదు. కానీ దెబ్బ తగిలేది పిల్లవాడికి.

అందుకని చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, కారణాలు తరవాత చెబుతాను. ఆ చర్మాన్ని వెనక్కి లాగకండి. తల్లి లాగకూడదు, తండ్రి లాగకూడదు, అమ్మమ్మ, నానమ్మ లాగకూడదు, ఆయా లాగకూడదు, మాలాంటి డాక్టర్లూ లాగకూడదు. ఆ చర్మాన్ని మొట్టమొదట పూర్తిగా వెనక్కి జరపవలసినది ఆ పిల్లవాడే, తన చేత్తోనే, తనకు వీలైనప్పుడే.

ఎందుకు? పుట్టిన బిడ్డలో అక్కడ లోపల ఎలా ఉంటుందో తెలిస్తే ఈ ప్రశ్న మీరే అడగరు. పెద్దవాళ్ళలో ముందు చర్మం వదులుగా ఉండి ముందుకూ వెనక్కూ కదులుతుంది. పసిబిడ్డలో అలా ఉండదు. ఆ చర్మం లోపలి పొర, పురుషాంగం కొన మీది పొర, ఈ రెండూ అతుక్కుని ఉంటాయి. అది జబ్బు కాదు, గర్భంలో ఆ రెండూ కలిసే తయారయ్యాయి. మధ్యలో ఖాళీ అంటూ లేదు. ఖాళీయే లేనిచోట మురికి ఎక్కడ చేరుతుంది చెప్పండి? లోపల శుభ్రం చేయడానికి అసలు "లోపల" అనే చోటే ఇంకా ఏర్పడలేదు. దానికితోడు చర్మం చివర ఉండే రంధ్రం కూడా సన్నగా, మూత్రం పోవడానికి సరిపోయేంతే ఉంటుంది. అది కూడా ఒక రక్షణే. డైపర్‌లో ఉండే మలమూత్రాల తడి నుంచి, ఆ ఘాటు నుంచి మూత్రద్వారాన్ని ఆ చర్మమే కాపాడుతుంది.

మరి ఎప్పుడు విడిపోతుంది? ఏళ్ళు పడుతుంది. ఆ రెండు పొరల మధ్య ఉన్న కణాలు కొద్దికొద్దిగా రాలిపోతూ ఉంటాయి. అక్కడక్కడా చిన్న ఖాళీలు ఏర్పడతాయి, ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. పిల్లవాడు ఎదుగుతున్నకొద్దీ రంధ్రం సాగుతుంది. యుక్తవయసు హార్మోన్లు వచ్చేసరికి మిగిలిన పని కూడా పూర్తవుతుంది. పిల్లికూన పుట్టగానే కళ్ళు తెరవదు, మనం రెప్పలు పట్టుకుని విప్పం. రోజులు గడిస్తే అదే తెరుస్తుంది. ఇక్కడా అంతే, కాకపోతే రోజుల బదులు ఏళ్ళు.

ఏ వయసుకు విడిపోతుందని అందరూ అడుగుతారు. దీన్ని లెక్కగట్టి చూసినవాళ్ళు ఉన్నారు. 1949లో బ్రిటన్‌లో డగ్లస్ గేర్డ్‌నర్ అనే పిల్లల వైద్యుడు అప్పుడే పుట్టిన పిల్లలను పరీక్షించి చూస్తే, చర్మం పూర్తిగా వెనక్కి వచ్చినవాళ్ళు 100 మందిలో 4గురే. మూడేళ్ళకు 90 శాతం మందిలో వస్తుందని ఆయన రాశారు. చాలాకాలం వైద్య పుస్తకాలన్నీ ఆ మూడేళ్ళ మాటనే పట్టుకున్నాయి. ఇప్పటికీ కొందరు డాక్టర్లు "మూడేళ్ళు దాటాయి కదా, ఇంకా రాలేదా" అనడానికి మూలం అదే. తరవాత వచ్చిన పరిశీలనలు ఆ గడువు మరీ తొందరపాటుదని తేల్చాయి. 1968లో డెన్మార్క్‌లో యాకోబ్ ఓస్టర్ బడి పిల్లలను ఏళ్ళ తరబడి గమనించారు. ఆరేడేళ్ళ పిల్లల్లో 63 శాతం మందికి ఇంకా ఎంతో కొంత అతుకు ఉంది. పదహారు, పదిహేడేళ్ళు వచ్చేసరికి అది 3 శాతానికి దిగిపోయింది. ఎవరు విడదీశారు? ఎవరూ విడదీయలేదు. దానంతట అదే విడిపోయింది. 1996లో జపాన్‌లో చూస్తే, 11 నుంచి 15 ఏళ్ళ పిల్లల్లో కూడా పూర్తిగా వెనక్కి వచ్చినవాళ్ళు సుమారు 63 శాతమే. మళ్ళీ డెన్మార్క్‌లోనే 2005లో వచ్చిన మరో పరిశీలనలో, చర్మం మొదటిసారి వెనక్కి వచ్చిన సగటు వయసు 10.4 ఏళ్ళు అని తేలింది.

ఈ అంకెలన్నీ ఎందుకు చెబుతున్నాను? మీరు గుర్తుపెట్టుకోవాలని కాదు. నాలుగేళ్ళ పిల్లవాడికి చర్మం వెనక్కి రాలేదని ఎవరైనా మిమ్మల్ని భయపెడితే, మీరు భయపడకూడదని. నాలుగేళ్ళకు రాకపోవచ్చు, ఎనిమిదేళ్ళకు రాకపోవచ్చు. నొప్పి లేదు, మూత్రం ధార బాగుంది, మాటిమాటికి ఇన్ఫెక్షన్లు రావడం లేదు అంటే ఆ పిల్లవాడు ఆరోగ్యంగా ఉన్నట్టే. వాడికి కావలసింది చికిత్స కాదు, కాలం.

సరే, లాగితే ఏమవుతుంది? అతుక్కున్న రెండు పొరలను బలవంతంగా విడదీస్తే రెండు వైపులా చర్మం లేచిపోతుంది. పచ్చి పుండు అవుతుంది, రక్తం కారుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు పచ్చి పుండ్లు మానేటప్పుడు ఏం చేస్తాయి? మళ్ళీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈసారి సహజమైన అతుకు కాదు, మచ్చకట్టిన అతుకు. చర్మం చివర ఉన్న సన్నని రంధ్రం చీలితే, ఆ చీలిక మానుతూ బిగుసుకుపోయి గట్టి వలయం అవుతుంది. అంటే ముందు లేని జబ్బును మన చేతులే తెచ్చిపెడతాయి. ఇంకొకటి కూడా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ పుండు మీద మూత్రం పడితే భగ్గుమంటుంది. నొప్పికి భయపడి పిల్లవాడు మూత్రం ఆపుకుంటాడు. గంటల తరబడి ఆపుకున్న మూత్రంలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ఇన్ఫెక్షన్ రాకూడదనే కదా మనం శుభ్రం చేయబోయింది?

ఇప్పుడు రోజువారీ శ్రద్ధ. ఇది చాలా చిన్న సంగతి, త్వరగా చెప్పేస్తాను. డైపర్ వయసులో ఉన్న పిల్లవాడికి స్నానంలో గోరువెచ్చని నీళ్ళతో పైపైన కడగండి. వేలిని ఎలా కడుగుతామో అలాగే, పైన మాత్రమే. సబ్బు వాడితే సువాసనలు లేనిది, కొద్దిగా, బయటి చర్మానికే వాడి, బాగా కడిగేయండి. తడి మెత్తగా అద్దండి. డైపర్ తడిస్తే మార్చండి, మలవిసర్జన చేస్తే వెంటనే మార్చండి. దూదిపుల్లలు లోపలికి పెట్టవద్దు. యాంటిసెప్టిక్ ద్రావణాలు వద్దు. పౌడరు వద్దు. నురగ వచ్చే స్నానపు ద్రవాలు నిండిన టబ్బులో గంటసేపు ఆడనివ్వవద్దు. అంతే. శ్రద్ధ అంటే ఏదో ఒకటి చేస్తూ ఉండడమే అనుకుంటాం. ఇక్కడ మాత్రం చేయకుండా ఉండడమే శ్రద్ధ.

నాలుగైదేళ్ళు వచ్చి పిల్లవాడు సొంతంగా మూత్రానికి వెళుతున్నప్పుడు, చర్మాన్ని తనకు నొప్పి లేనంత వరకు కొంచెం వెనక్కి జరుపుకుని పోసుకోవచ్చు. అయిపోయాక ముందుకు జరుపుకోవాలి. ఈ రెండో మాట ముఖ్యం, దీని దగ్గరికి మళ్ళీ వస్తాను. ఎంతవరకు వస్తే అంతవరకే. "ఇంకా లాగు, ఇంకా లాగు" అని పక్కన నిలబడి చెప్పకండి.

ఇక జబ్బు కాకపోయినా జబ్బులా కనబడేవి కొన్ని ఉన్నాయి. వీటి కోసం కంగారుపడి పరుగెత్తుకొచ్చే తల్లిదండ్రులు చాలామంది.

మొదటిది తెల్లటి గడ్డలు. చర్మం కింద, పురుషాంగం కొన చుట్టూ ఉన్న గాడి దగ్గర, బియ్యపుగింజంత తెల్లగానో లేత పసుపుగానో ఒక ఉబ్బు కనబడుతుంది. చర్మం పల్చన కాబట్టి పైకి స్పష్టంగా తెలుస్తుంది. నొక్కితే మెత్తగా ఉంటుంది, పిల్లవాడికి నొప్పి ఉండదు, చుట్టూ ఎరుపు ఉండదు. చూడగానే చీము అనుకుంటారు. చీము కాదు. నేను చెప్పాను కదా, పొరల మధ్య కణాలు రాలుతూ ఉంటాయని, ఆ రాలిన కణాలే ముద్దగా చేరాయి. స్మెగ్మా అంటారు. అంటే విడిపోయే పని సక్రమంగా సాగుతోందని దాని అర్థం. ఒకరోజు రంధ్రం దాకా చేరుకుని తెల్లటి ముద్దగా బయటికి వచ్చేస్తుంది. పిండవద్దు, సూదితో పొడవవద్దు, యాంటిబయాటిక్ వేయవద్దు. బయటికి వచ్చినదాన్ని కడిగేస్తే చాలు.

రెండోది మూత్రం పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బడం. లోపల పొరలు విడిపోయాయి, బయట రంధ్రం ఇంకా సన్నగానే ఉంది. లోపలికి మూత్రం వేగంగా వస్తుంది, బయటికి నెమ్మదిగా పోతుంది, మధ్యలో చర్మం ఉబ్బుతుంది. చూడడానికి భయంగానే ఉంటుంది. కానీ నొప్పి లేకుండా, ధార బాగా వస్తూ, ఉబ్బు వెంటనే తగ్గిపోతుంటే దానికి చికిత్స అవసరం లేదు. రంధ్రం సాగితే అదే పోతుంది. కానీ పిల్లవాడు ముక్కుతున్నా, ధార దారంలా సన్నబడినా, చుక్కలు చుక్కలుగా పడుతున్నా అది వేరే సంగతి. అప్పుడు చూపించాలి.

మూడోది చర్మం చివర కొద్దిపాటి ఎరుపు, ఒకటి రెండు రోజులు చురుక్కుమనడం. అతుకు విడిపోతున్న చోట అలా కావచ్చు, డైపర్ ఘాటు వల్ల కూడా కావచ్చు. నీళ్ళు, గాలి, ఒక పూత పెట్రోలియం జెల్లీ. తగ్గిపోతుంది.

ఇప్పుడు నిజంగా జబ్బు అయినదాని గురించి. చర్మానికి, దాని కింద ఉన్న కొనకు వాపు రావడాన్ని మేము బాలనోపోస్థైటిస్ అంటాం. సుంతీ లేని పిల్లల్లో 100 మందిలో నలుగురికి ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు, ఎక్కువగా రెండు నుంచి అయిదేళ్ళ వయసులో. ఎలా తెలుస్తుంది? పొద్దున లేచిన పిల్లవాడు మూత్రానికి వెళ్ళి నిలబడతాడు, పోయడు. మోకాళ్ళు దగ్గరికి చేర్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తాడు. చూస్తే చర్మం చివర ఎర్రగా వాచి మెరుస్తూ ఉంటుంది. చెడ్డీ మీద పసుపుపచ్చని మరక ఉంటుంది. ముట్టుకోనివ్వడు.

అప్పుడు ఏం చేయాలి? ముందుగా, ఆ సమయంలో కూడా చర్మాన్ని వెనక్కి లాగకూడదు. వాచిన చర్మాన్ని లాగితే వచ్చేది చీలికే. టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి నడుము దాకా మునిగేలా రోజుకు రెండు మూడుసార్లు కూర్చోబెట్టండి. మూత్రం పోయడానికి భయపడుతుంటే ఆ నీళ్ళలోనే పోసెయ్యమనండి. నీళ్ళలో మంట తక్కువ ఉంటుంది. సబ్బు పూర్తిగా ఆపండి. చాలామందిలో దీనికి కారణం సూక్ష్మక్రిమి కూడా కాదు, సబ్బు, సువాసన తుడుపు కాగితాలు, ఎక్కువగా రుద్దడం. వాటిని ఆపితే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది.

తగ్గకపోతే, జ్వరం ఉంటే, వాపు మొదలు వైపు పాకుతుంటే, మూత్రం అసలు పోయలేకపోతే డాక్టరుకు చూపించండి. ఆ రోజే చూపించండి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మందుల దుకాణానికి వెళ్ళి "దురదకు, ఎరుపుకు ఏదైనా క్రీము ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోకండి. స్టెరాయిడ్, యాంటిబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీములు చాలా ఉన్నాయి, అడగగానే ఇచ్చేస్తారు. కానీ కారణాన్ని బట్టి మందు మారుతుంది. ఈమధ్యే యాంటిబయాటిక్ వాడిన బిడ్డకు డైపర్ చోట ఎర్రటి దద్దురు, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు ఉంటే అది ఫంగస్ కావచ్చు, దానికి క్లోట్రిమజోల్ లాంటి మందు కావాలి. నిప్పులా ఎర్రగా ఉండి, పిల్లవాడికి గొంతునొప్పి కూడా ఉన్నా, మలద్వారం చుట్టూ కూడా అదే ఎరుపు ఉన్నా స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియా కావచ్చు, దానికి నోటి ద్వారా యాంటిబయాటిక్ కావాలి. ఊరికే చర్మం రేగితే తేలికపాటి క్రీము చాలు. చూడకుండా ఎవరు చెప్పగలరు? కాస్త పెద్ద పిల్లవాడికి ఇది పదేపదే వస్తుంటే, నీళ్ళు ఎక్కువగా తాగుతూ, బరువు తగ్గుతుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. మధుమేహం మొదట ఇలా బయటపడిన సందర్భాలు ఉంటాయి.

తరవాతది మూత్రనాళ ఇన్ఫెక్షన్. ఇది పైకి కనబడదు, అందుకే దీని మీద నాకు ఎక్కువ భయం. మొదటి సంవత్సరంలో, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో, సుంతీ లేని మగబిడ్డల్లో దాదాపు 100 మందిలో ఒకరికి వస్తుంది. సుంతీ అయినవాళ్ళలో అది దాదాపు 1000 మందిలో ఒకరికి. తేడా ఉంది, దాచవలసిన పని లేదు. మరి అందరికీ సుంతీ చేసేద్దామా? 2005లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కవేస్తే, మామూలు ఆరోగ్యంగా ఉన్న బిడ్డల్లో ఒక్క ఇన్ఫెక్షన్‌ను ఆపడానికి 111 మందికి సుంతీ చేయాలని తేలింది. మిగిలిన 110 మందికి ఆ ఉద్దేశంతో చేసిన కోత అనవసరమే. కానీ మూత్రం పైకి కిడ్నీల వైపు ఎదురు తన్నే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళలో, మూత్రమార్గంలో పుట్టుకతోనే అడ్డు ఉన్నవాళ్ళలో, ఇన్ఫెక్షన్లు మాటిమాటికి వస్తున్నవాళ్ళలో లెక్క మారుతుంది. వాళ్ళకు మేమే సలహా ఇస్తాం. మత విశ్వాసం వల్ల చేయించుకునే కుటుంబాల సంగతి వేరు, అది ఈ రోజు విషయం కాదు.

పసిబిడ్డ "మంటగా ఉంది" అని చెప్పలేడు. జలుబు లేదు, దగ్గు లేదు, కానీ జ్వరం ఉంది. పాలు సరిగా తాగడు, కక్కుతాడు, ఊరికే చిరాకుపడతాడు, లేదా మందంగా పడుకుని ఉంటాడు. కారణం తెలియని జ్వరం ఏడాదిలోపు బిడ్డకు వస్తే మూత్రపరీక్ష గురించి మీరే అడగండి. మూడు నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే ఇంట్లో ఉంచుకోకండి, వెంటనే తీసుకురండి. మూత్రం పట్టే పద్ధతి కూడా ముఖ్యమే. చర్మానికి అంటించే సంచిలో పట్టిన మూత్రంలో బయటి క్రిములు కలుస్తాయి, దాన్ని కల్చర్ చేసి, అంటే అందులోని క్రిములను పెంచి చూసి, జబ్బు ఉందని నిర్ధారించలేం. బిడ్డ పోస్తుండగా మధ్య ధారను శుభ్రమైన సీసాలో పట్టాలి, లేదా మేము సన్నని గొట్టంతో తీస్తాం.

రాకుండా చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంది. తల్లిపాలు కొంత రక్షణ ఇస్తాయి. పెద్ద పిల్లలైతే నీళ్ళు బాగా తాగాలి, రెండు మూడు గంటలకోసారి మూత్రానికి వెళ్ళాలి, బడిలో ఆపుకోకూడదు. అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసేది మలబద్ధకం. పేగులో గట్టిగా పేరుకున్న మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది, మూత్రం పూర్తిగా ఖాళీ కాదు. మలబద్ధకం సరిచేయగానే మూత్రం ఇన్ఫెక్షన్లు ఆగిపోయిన పిల్లలు ఎందరో ఉన్నారు. చూడండి, చర్మం గురించి మొదలుపెట్టి పేగు దాకా వచ్చాం. కానీ ఇన్ఫెక్షన్ నివారణ అంటే నిజంగా ఇదే.

మరి బిగుతు నిజంగానే జబ్బయ్యేది ఎప్పుడు? ఫైమోసిస్, అంటే ముందు చర్మం బిగుసుకుని వెనక్కి రాకపోవడం, ఆ మాట చీటీల మీద చాలా సులువుగా రాసేస్తాం. మూడేళ్ళ పిల్లవాడి మామూలు చర్మానికి ఆ మాట రాయడం నాకు బాధ కలిగిస్తుంది. తేడా కంటితోనే తెలుస్తుంది. మామూలు చర్మాన్ని మెల్లగా కదిపితే చివర లేత గులాబీరంగులో మెత్తగా, మొగ్గలా విచ్చుకుంటుంది. జబ్బు చేసినదైతే చివర తెల్లగా, గట్టిగా, మచ్చ కట్టిన వలయం కనబడుతుంది. ఒకప్పుడు వెనక్కి వచ్చినది ఇప్పుడు రాకపోవడం కూడా ఒక గుర్తు. ఈ తెల్లటి మచ్చ జబ్బును లైకెన్ స్క్లెరోసస్ అంటారు. అరుదైనదే, ఎక్కువగా ఎనిమిది, పదేళ్ళ ప్రాంతంలో కనబడుతుంది. దీనికి మాత్రం సాధారణంగా సుంతీయే చికిత్స, ఆలస్యం చేస్తే మూత్రద్వారం కూడా సన్నబడిపోవచ్చు.

మచ్చ లేని బిగుతు ఇబ్బంది పెడుతుంటే మొదటి చికిత్స కత్తి కాదు, పూత మందు. బీటామెథసోన్ 0.05 శాతం లాంటి స్టెరాయిడ్ లేపనాన్ని రోజుకు రెండుసార్లు, బిగుతు ఉన్న వలయం మీద మాత్రమే, నాలుగు నుంచి ఎనిమిది వారాలు రాయమంటాం. ఎక్కువమందిలో ఇది పనిచేస్తుంది. మందు ఆపాక కూడా పిల్లవాడు స్నానంలో తానే మెల్లగా కదుపుతూ ఉండాలి, లేకపోతే మళ్ళీ బిగుసుకుంటుంది. డాక్టరు చూసి రాస్తేనే వాడండి. ఇంకో సంగతి, పుట్టుకతోనే మూత్రద్వారం కొన మీద కాకుండా కింది వైపున ఉన్న బిడ్డలకు, అంటే హైపోస్పేడియాస్ ఉన్నవాళ్ళకు, ఎవరు చెప్పినా సుంతీ చేయించవద్దు. తరవాత చేసే శస్త్రచికిత్సకు ఆ చర్మమే అవసరం పడుతుంది.

ముందుకు జరపడం గురించి మళ్ళీ వస్తానన్నాను. వెనక్కి జరిపిన చర్మాన్ని అలాగే వదిలేస్తే, బిగుతైన వలయం కొన వెనక చిక్కుకుపోతుంది. రక్తం వెనక్కి రాలేక కొన ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ చర్మం మరింత బిగుస్తుంది. దీన్ని పారాఫైమోసిస్ అంటారు. ఇది గంటల్లో తేలవలసిన అత్యవసరం, రేపు పొద్దున చూద్దామనుకునేది కాదు. చల్లని గుడ్డ అద్ది, ఉబ్బిన భాగాన్ని వేళ్ళతో చుట్టూ మెల్లగా కొన్ని నిమిషాలు నొక్కి పట్టి, చర్మాన్ని ముందుకు తేవడానికి ప్రయత్నించవచ్చు. రాకపోతే వెంటనే ఆసుపత్రికి. కొన నల్లబడుతుంటే ప్రయత్నాలు కూడా వద్దు, బయల్దేరండి. ఆసుపత్రిలో మూత్రపు గొట్టం పెట్టినప్పుడు కూడా ఇలా జరగవచ్చు. గొట్టం పెట్టాక చర్మాన్ని ముందుకు తెచ్చారా అని నర్సును అడగండి. అడగడం తప్పు కాదు.

పసిబిడ్డ ఎంతకీ ఏడుపు ఆపకపోతే డైపర్ విప్పి ఒకసారి చూడండి. తల్లి తలవెంట్రుక ఒకటి అంగం చుట్టూ చుట్టుకుని బిగుసుకున్న సందర్భాలు ఉంటాయి. వాపులో మునిగిపోయి వెంట్రుక కంటికి కనబడదు, చుట్టూ ఒక గాడి మాత్రం తెలుస్తుంది. ఇది కూడా వెంటనే తీయవలసినదే.

ఇక పెద్దవుతున్న పిల్లల సంగతి. చర్మం స్వేచ్ఛగా కదలడం మొదలయ్యాక పిల్లవాడికి నేర్పవలసింది నాలుగు పనులు. వెనక్కి జరుపు, నీళ్ళతో కడుగు, తడి లేకుండా అద్దు, ముందుకు జరుపు. స్నానం చేసినప్పుడల్లా అంతే. లోపలి పొర కంటిరెప్ప లోపలి పొరంత సున్నితమైనది, సబ్బు పడదు. 1993లో బ్రిటన్‌లో, పదేపదే అక్కడ వాపు వచ్చే పెద్దవాళ్ళను పరిశీలిస్తే, చాలామందికి ఉన్నది ఇన్ఫెక్షన్ కాదు, సబ్బుతో మాటిమాటికి కడగడం వల్ల వచ్చిన చర్మపు రేగుడు అని తేలింది. అశుభ్రత ఎంత ఇబ్బందో అతిశుభ్రత కూడా అంతే ఇబ్బంది.

ఎవరు నేర్పాలి? తండ్రులూ, ఇది మీ పని. తండ్రి లేని ఇంట్లో తల్లే చెప్పవచ్చు, మామయ్య చెప్పవచ్చు, బిడ్డ నమ్మేవాళ్ళు ఎవరైనా చెప్పవచ్చు. పదేళ్ళ పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వవద్దు. పళ్ళు తోముకోవడం గురించి చెప్పే గొంతుతోనే చెప్పండి. "ఛీ, వాసన" అనవద్దు. ఆ ఒక్క మాటతో పిల్లవాడు మూసుకుపోతాడు. రేపు నిజంగా నొప్పి వచ్చినా, వాపు వచ్చినా మీకు చెప్పడు. పద్నాలుగేళ్ళ అబ్బాయి రోజుల తరబడి నొప్పి భరించి, నడవలేని స్థితిలో వస్తే, అది జబ్బు చేసిన నష్టం కాదు, సిగ్గు చేసిన నష్టం. దాంతోపాటే ఇది కూడా చెప్పండి. అక్కడ ముట్టుకునే హక్కు ఇంకెవరికీ లేదు, డాక్టరు చూడాలన్నా నువ్వు సరే అనాలి, పక్కన అమ్మో నాన్నో ఉండాలి. ఎవరైనా అలా కాకుండా ముట్టుకుంటే వెంటనే మాకు చెప్పు, నీ తప్పేమీ ఉండదు.

చీటీల మీద ప్రశ్నలు వచ్చాయి. చాలావాటికి జవాబులు మాటల్లోనే వచ్చేశాయి. ఒకటి మాత్రం చదువుతాను. "మేమిద్దరం ఉద్యోగాలకు వెళతాం. బాబు పగలంతా శిశు సంరక్షణ కేంద్రంలో ఉంటాడు. వాళ్ళకు ఎలా చెప్పాలి?" మంచి ప్రశ్న అడిగారమ్మా. నోటితో చెబితే ఆయా మారినప్పుడల్లా మళ్ళీ చెప్పాలి. కాగితం మీద రాసి, డైపర్ల సంచి లోపలి వైపు అతికించండి. "మా బాబుకు పైపైన నీళ్ళతో కడగండి చాలు. చర్మాన్ని వెనక్కి లాగవద్దు. ఎరుపు, వాపు, రక్తం కనబడితే మాకు ఫోను చేయండి." కింద మీ నంబరు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా అంతే. పరీక్ష బల్ల మీద పడుకోబెట్టే ముందే చెప్పండి, "చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకుండా చూడండి డాక్టరు గారూ" అని. బల్ల మీద పడుకోబెట్టాక చెబితే ఆలస్యమైపోవచ్చు, ఎందుకంటే లాగడానికి ఒక్క క్షణం చాలు.